ముసలి లాప్‌టాపు మొరాయిస్తే

వల్లూరు మండలంలో, పెన్న ఒడ్డున, పుష్పగిరి ఉన్నది. ఆ క్షేత్రానికి ఒక చిత్రమైన స్థలపురాణం చెబుతారు. గరుత్మంతుడు అమృతభాండం తీసుకుపోతూంటే ఒక చుక్క జారి అక్కడి కోనేటిలో పడిందట. ముసలి రైతు ఒకడు తన ముసలి ఎద్దును కడుగుదామని ఆ నీళ్ళలోకి దించాడు. ఎద్దు కాస్తా కోడెదూడై గట్టెక్కింది. రైతు ఊరుకుంటాడా? తానూ మునిగాడు, పడుచువాడై లేచాడు. ఇట్లా అందరూ మునగడం మొదలుపెడితే లోకంలో ముసలితనమూ చావూ లేకుండా పోతాయని దేవతలకు బెంగ పట్టుకుని, ఒక కొండను తెచ్చి కోనేటి మీద మూత పెట్టబోతే, ఆ కొండ మునగక పువ్వులా తేలిందట. అందుకని పుష్పగిరి.

కంప్యూటరు కంపెనీలవారు 'అప్‌డేటు' అన్నప్పుడల్లా మనకు స్ఫురించేది ఇటువంటి కోనేరే. పాత యంత్రం ఒక్క మునకతో కొత్తదై లేస్తుందని ఆశ. చాలాసార్లు లేస్తుంది కూడా. కాని పదేళ్ళు పైబడిన లాప్‌టాపు ఒక్కొక్కప్పుడు నడినీళ్ళలో నిలబడిపోతుంది. ఇటు రాదు, అటు పోదు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి, ముఖ్యంగా ఏం చెయ్యకూడదు అన్నదే ఇక్కడి ప్రసంగం.

వల్లూరులోనే ఒక ఇల్లు ఊహించుకోండి. పెద్దమ్మాయి ఇంజనీరింగులో చేరిన ఏడు, 2014లో, కడపకు పోయి కొన్న లాప్‌టాపు. ఆమె చదువూ అయింది, పెళ్ళీ అయింది, బెంగుళూరు కాపురానికీ పోయింది. లాప్‌టాపు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు తమ్ముడి డిగ్రీ చదువుకూ, నాయన పంట లెక్కలకూ అదే దిక్కు. బ్యాటరీ ఎప్పుడో ప్రాణం వదిలింది. తీగ పెరికితే యంత్రం ఆరిపోతుంది. ఒకనాటి రాత్రి కుర్రవాడు ఏదో దరఖాస్తు నింపుతూంటే 'అప్‌డేటు సిద్ధంగా ఉన్నది, మళ్ళీ మొదలుపెట్టమంటారా?' అని తెర మీద అడిగింది. సరేనన్నాడు. చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ముప్పై అయిదు శాతం దగ్గర ఆగింది. అరగంటయినా అదే ముప్పై అయిదు.

"ఏందిరా అబ్బీ, అది అట్లనే తిరుగుతాండాది?" అన్నది జేజి.

"కొత్తది అయితాంది జేజీ."

"అయితే అయ్యేదాకా ఉండనీ. ఊరికే గెలక్కు."

ఆ ఇంట్లో కంప్యూటరు బొత్తిగా తెలియని మనిషి జేజి ఒక్కతే. సరైన సలహా చెప్పిందీ ఆమె ఒక్కతే. కుర్రవాడికి ఓపిక చాలక బటను నొక్కిపట్టి ఆపేశాడు. మళ్ళీ వేస్తే కంపెనీ గుర్తు కనిపించడం, 'బాగుచేస్తున్నాను' అనడం, ఆరిపోవడం, మళ్ళీ మొదటికి రావడం! తెల్లవారి స్నేహితుడొకడు చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందిరా, అరగంట పని" అని తేల్చేశాడు.

అరగంట పనే, నిజమే. కాని ఆ పెట్టెలో ఏమున్నవి? అక్క పెళ్ళి ఫోటోలు. పొలం పాస్‌బుక్కు స్కాన్లు. ఏడెనిమిదేళ్ళ పంట లెక్కలు. పెళ్ళిలో జేజి పాడితే అక్క రికార్డు చేసిన పాటలు. వీటిలో ఒక్కదానికీ రెండో ప్రతి లేదు. ఫార్మాట్ చేస్తే యంత్రం బాగుపడుతుంది, ఇవన్నీ పోతాయి.

అప్‌డేటు చెడినంత మాత్రాన సాధారణంగా ఇంటివారి ఫైళ్ళు ఎక్కడికీ పోవు. ఉన్నచోటనే భద్రంగా ఉంటాయి. చెడిన అప్‌డేటును హడావుడిగా బాగుచెయ్యబోయినప్పుడే అవి పోతాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కినదంతా నిదానంగా చేసుకోవచ్చు.

లోపల జరిగేదేమిటి?

వంటింట్లో పొయ్యి వెలుగుతూండగా కింద బండలు మార్చాలంటే ఎంత తంటా! కడప బండల సీమలో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మేస్త్రీ ముందు కొత్త బండలు తెచ్చి వసారాలో పేర్చుకుంటాడు. పొయ్యి ఆర్పించి, వంటమనిషిని కాసేపు బయటికి పొమ్మంటాడు. పాత బండలు పెకిలించి పెరట్లో ఒక మూల పెడతాడు. కొత్తవి పరుస్తాడు. తీరా కొలత కుదరకపోతే పెరట్లో ఉన్న పాతవే తెచ్చి మళ్ళీ పరుస్తాడు.

విండోస్ చేసేది అచ్చంగా ఇదే. కొత్త ఫైళ్ళు ముందు దిగుమతి అవుతాయి. యంత్రం వాడుకలో ఉన్నప్పుడు పాతవాటిని కదిలించడానికి వీలులేదు కనుక ఆపి, మళ్ళీ మొదలుపెడుతుంది. పెద్ద అప్‌డేటు అయితే పాత విండోసును మొత్తంగా 'విండోస్ ఓల్డ్' అనే అరలో దాచి ఉంచుతుంది. మామూలుగా పది రోజులలోపు వెనక్కు పోదలచుకుంటే పోవచ్చు. నడుమ ఎక్కడైనా చిక్కు వస్తే 'మార్పులు రద్దు చేస్తున్నాను' అని తెర మీద రాస్తుంది. చాలామంది గుండె జారిపోయేది ఈ మాట చూసి. నిజానికి అది మేస్త్రీ పాత బండలు తిరిగి పరుస్తున్న ఘట్టం. ఆ సమయంలో కరెంటు పెరికితే కొత్త బండలూ లేవు, పాత బండలూ లేవు.

ఎంతసేపు ఓపిక పట్టాలి? పాత లాప్‌టాపుల్లో ఉండేది తిరిగే పళ్ళెం వంటి హార్డు డిస్కు. ఈ పని దానికి గంటల తరబడి పట్టినా ఆశ్చర్యం లేదు. శాతం అంకెను చూస్తూ కూర్చోవడం దండగ; యంత్రం అంచున డిస్కు దీపం ఒకటి ఉంటుంది, దాన్ని చూడండి. అది మినుకుమినుకుమంటున్నంతసేపూ లోపల పని సాగుతున్నదన్నమాట. రాత్రంతా వదిలేసినా అంకె కదలక, దీపం చలించక, చప్పుడూ లేకపోతే అప్పుడు బటను నొక్కి పట్టవచ్చు.

ముసలి యంత్రానికే ఎందుకు?

మొదటి కారణం చోటు చాలకపోవడం. పెద్ద అప్‌డేటు దిగాలంటే సి డ్రైవులో ఇరవై, ముప్పై గిగాబైట్లు ఖాళీగా ఉండడం మంచిది. సినిమాలతో కిక్కిరిసిన డిస్కులో మేస్త్రీ కొత్త బండలు ఎక్కడ పేర్చుకుంటాడు?

రెండోది కరెంటు. చచ్చిన బ్యాటరీతో నడిచే లాప్‌టాపుకు ఒక్క క్షణం కరెంటు పోయినా బటను నొక్కి ఆపినట్టే. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు దానికి తగిలించి మొదలుపెట్టాలి. లేనివాళ్ళు ఉరుములూ గాలీ లేని పగటిపూట చూసుకోవాలి. కడప ఎండల్లో నడిమధ్యాహ్నం కూడా వద్దు. దుమ్ముతో గొంతు పూడిన ఫ్యాను అంత పనికి తట్టుకోలేక యంత్రం వేడెక్కి తనంతట తానే ఆరిపోతుంది.

ఇంటర్నెట్టు సంగతి కూడా ఉన్నది. పల్లెల్లో చాలామంది లాప్‌టాపుకు సెల్‌ఫోను నుంచే ఇంటర్నెట్టు ఇస్తారు. రోజుకు ఒకటిన్నర, రెండు గిగాబైట్ల కోటాతో నాలుగైదు గిగాబైట్ల సరుకు దిగాలంటే నడుమ తెగక ఏమవుతుంది?

ఇక నాలుగో కారణం తమాషా అయినది, చాలామందికి తట్టనిది: గడియారం. లాప్‌టాపు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సాధారణంగా సీఆర్ 2032 రకం. యంత్రం ఆపి ఉన్నప్పుడు తేదీని కాపాడేది అదే. పదేళ్ళకు అది అయిపోతుంది. అప్పటి నుంచి లాప్‌టాపు తెరిచినప్పుడల్లా ఏ 2014 జనవరి ఒకటో తారీఖో చూపిస్తుంది. కంపెనీ సర్వరుతో మాట్లాడేటప్పుడు రెండువైపులా గుర్తింపు పత్రాల తేదీలు సరిచూసుకుంటారు. 'ఈ పత్రం ఇంకా పుట్టనే లేదే!' అని మన యంత్రం సర్వరును నమ్మదు. అప్‌డేటు విఫలమైందని ఏదో అంకె వేసి ఊరుకుంటుంది. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్న తరువాత కుడివైపు మూలన తేదీ తప్పుగా ఉన్నదని కనిపిస్తుంది! ఆ బిళ్ళ వాచీలు బాగుచేసే కొట్లలో కూడా దొరుకుతుంది. అయితే కొన్ని లాప్‌టాపుల్లో దానికి తీగ అతికి ఉంటుంది. అటువంటిది మెకానిక్కు చేతనే మార్పించాలి.

అన్నీ మన యంత్రం తప్పులే అనుకోవద్దు. కంపెనీల తప్పులూ ఉన్నవి. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ వదిలిన విండోస్ 10 పెద్ద అప్‌డేటు కొందరి సొంత ఫైళ్ళనే తుడిచేసింది. గగ్గోలు పుట్టి నాలుగు రోజులకే దాన్ని నిలిపేశారు. సరిచేసి నవంబరు 13న మళ్ళీ వదిలారు. అరుదు అన్నాముగాని అసలు జరగదని అనలేదు, గమనించండి.

2024 జనవరి 9 నాటి ఉదంతం ఇంకా వినదగ్గది. ఆనాడు వచ్చిన ఒక రక్షణ అప్‌డేటు ఎన్నో ఇళ్ళలో దిగనే లేదు. తెర మీద 80070643 అనే అంకెలతో ముగిసే ఒక తప్పు సంఖ్య మాత్రం కనిపించేది. దాని అర్థం వెతికితే ఏవేవో సంబంధం లేని సంగతులు. అసలు విషయం ఏమంటే, చాలా విండోస్ యంత్రాలలో ఆపద్ధర్మంగా చిన్న అర ఒకటి వేరుగా కట్టి ఉంటుంది. విండోస్ చెడినప్పుడు లేచి మరమ్మతు చేసే సరంజామా అందులో ఉంటుంది. ఆ అర ఇరుకై కొత్త సరుకు పట్టలేదు. మరో 250 మెగాబైట్లు పెంచుకోవలసిందని కంపెనీవారే చెప్పారు. అది ఇంట్లో మామూలు మనుషులు చేసుకునే పని కానే కాదు. చివరికి ఆ ఏడాదే ఆ అప్‌డేటును ఉపసంహరించారు. కనుక తప్పు సంఖ్య కనిపించగానే మన యంత్రానికి కాలం తీరిందని నిర్ణయించుకోవద్దు.

అదే ఏడు జూలై 19 శుక్రవారం నాటి సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ కంపెనీ పంపిన చిన్న ఫైలు ఒకటి మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు బయలుదేరింది. 78 నిమిషాలలో తప్పు తెలిసి వెనక్కు తీసుకున్నారు. ఆలోగానే ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసి కూర్చున్నవి. శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలంతో రాసి ఇచ్చారు. హైదరాబాదు నుంచి కలకత్తాకు రాసిచ్చిన పాసు ఒకటి ఆనాడు దేశమంతా చూసింది. తప్పు గంటన్నరలోపే తెలిసినా బాగుచెయ్యడానికి రోజులు పట్టిందెందుకు? లేవలేని యంత్రానికి దూరం నుంచి మందు పంపడం కుదరదు. మనిషి ప్రతి యంత్రం దగ్గరికీ పోయి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును చేత్తో తీసెయ్యవలసి వచ్చింది. ఇంటి లాప్‌టాపైనా, విమానాశ్రయమైనా చికిత్స మాత్రం ఒకటే.

ముందు కాగితాలు, తరువాత మరమ్మతు

మళ్ళీ వల్లూరు ఇంటికి వద్దాం. లాప్‌టాపు లేవడం లేదు. పెన్‌డ్రైవులూ, ప్రింటరూ తగిలించి ఉంటే ముందు పెరికెయ్యాలి. ఒక్కొక్కప్పుడు అడ్డం వచ్చేది అవే. విండోస్ వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే నీలిరంగు మరమ్మతు తెర తానే వస్తుంది. ఇది ఇందాక చెప్పుకున్న చిన్న అరలోంచి వచ్చేదే. అందులో 'ట్రబుల్‌షూట్' అనీ, దాని లోపల 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అనీ ఉంటాయి. పక్కనే 'రీసెట్ దిస్ పీసీ' అని మహా ఆకర్షణీయంగా ఇంకొకటి కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మొదట నొక్కదగినది 'స్టార్టప్ రిపేర్'. అది కుదరకపోతే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'. అందులో రెండు దారులు: నెలనెలా వచ్చే చిన్న అప్‌డేటును తీసెయ్యడం ఒకటి, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్దదాన్ని తీసెయ్యడం రెండవది. ముందురోజు వచ్చింది ఏదో దాన్నే ఎంచుకోవాలి. ఊహించుకున్న ఇంటివంటి సందర్భాల్లో తరచు ఇక్కడితోనే కథ సుఖాంతమవుతుంది. మూడోది 'సిస్టం రిస్టోర్': ఫలానా తేదీన ఉన్నట్టుగా విండోసును వెనక్కు తిప్పడం. సొంత ఫైళ్ళను ఇది తాకదు. ఆ తేదీ తరువాత పెట్టిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

ఇవేవీ కుదరలేదనుకోండి. ఇప్పుడు అందరూ చేసే పని ఫార్మాట్. మనం చెయ్యవలసిన పని కాపీ.

యంత్రం లేవకపోయినా డిస్కులోని ఫైళ్ళు చదవవచ్చునన్న సంగతి మన ఇళ్ళలో ఎందరికో తెలియదు. స్నేహితుడి కంప్యూటరులో ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవు మీదికి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగు సిస్టమును ఎక్కించుకోవాలి. రూఫస్ అనే చిన్న ఉచిత సాధనం ఆ పని చేస్తుంది. పెన్‌డ్రైవులో ఉన్న పాత సరుకంతా పోతుంది కనుక ఖాళీదే తీసుకోవాలి. దాన్ని మొరాయించిన లాప్‌టాపుకు తగిలించి, యంత్రం వేస్తూనే ఎఫ్12 నొక్కాలి. కొన్ని రకాలకు ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్. పెన్‌డ్రైవును ఎంచుకుంటే లినక్స్ దాని మీది నుంచే లేస్తుంది. 'ఇన్‌స్టాల్' అన్న బొమ్మను ముట్టుకోనంతవరకూ మన డిస్కులో ఏ మార్పూ జరగదు. ఫైళ్ళ అరలు తెరిచి, వేరే డిస్కు మీదికి నకలు తీసుకోవడమే. విండోస్ సరిగా ఆగకపోయి ఉంటే 'చదవడానికే తప్ప రాయడానికి వీలులేదు' అంటుంది. మనకు కావలసింది చదవడమే గదా!

డాక్యుమెంట్లు, ఫోటోలు అందరికీ గుర్తుంటాయి. మరచిపోయేవి డెస్క్‌టాప్ మీద పడేసినవీ, డౌన్‌లోడ్స్‌లో మూలిగేవీ. పాస్‌బుక్కు స్కాన్ల వంటివి తరచు అక్కడే ఉంటాయి. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే ముందు అతిముఖ్యమైనవి తీసుకోవాలి. అటువంటి డిస్కు మీద మరమ్మతు పరీక్షలు నడిపితే ఉన్న ఆయువు కూడా పోతుంది. చెక్‌డిస్క్ వంటివన్నీ కాపీ ముగిసిన తరువాతే.

కొన్ని యంత్రాలలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది. అప్పుడు 48 అంకెల తాళం సంఖ్య అడుగుతుంది. యంత్రంలోకి ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించారో ఆ ఖాతాలో సాధారణంగా అది దాచి ఉంటుంది. సెల్‌ఫోనులో తెరిచి చూసుకోవచ్చు. ఆ ఖాతా పెళ్ళయి పోయిన అక్క పేరు మీద ఉంటే బెంగుళూరికి ఫోను చెయ్యక తప్పదు.

తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసే డీటీపీ కొట్లలో ఇప్పటికీ పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ చలామణీలో ఉన్నవి. ప్రొద్దుటూరు బజారుకు పోయినా, కడపకు పోయినా అవే కనిపిస్తాయి. ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగు, సెల్‌ఫోనులో మనం కొట్టే యూనికోడ్ తెలుగు వంటిది కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, పైన తెలుగు ముసుగు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే చుట్టరికం లేని గుర్తుల గుంపు కనిపిస్తుంది. కాబట్టి ఇటువంటి లాప్‌టాపులో ఫైలుతోపాటు విండోస్ లోపలి 'ఫాంట్స్' అరను కూడా కాపీ చేసుకోవాలి. అను కీబోర్డు సాధనం పెట్టిన సీడీ, తాళం వివరాలు వెతికి దగ్గర పెట్టుకోవాలి. ఒక కొట్టువాడికి ఇరవై ఏళ్ళ శుభలేఖల నమూనాలంటే అది జీవనోపాధి సుమా!

నకలు చేతికి వచ్చిన తరువాత ఇక భయం లేదు. రీసెట్ చేసుకోవచ్చు. 'నా ఫైళ్ళు ఉంచు' అని ఎంచుకుంటే ఫైళ్ళు ఉంటాయి, ప్రోగ్రాములు మాత్రం పోతాయి. విండోస్ ఎట్లాగో లేచి, అప్‌డేటు మాత్రమే మాటిమాటికీ విఫలమవుతూంటే ఇంకొక మంచి ఉపాయం ఉన్నది: కంపెనీవారి సైటు నుంచి విండోస్ ప్రతి దించుకుని, నడుస్తున్న విండోస్ లోంచే దాన్ని మళ్ళీ పరచడం. ఫైళ్ళూ ప్రోగ్రాములూ రెండూ నిలుస్తాయి. పెన్‌డ్రైవు నుంచి లేపి పరిస్తే మాత్రం ప్రోగ్రాములు నిలవవు. ఈ తేడా తెలిసిన మెకానిక్కు దొరికితే వదులుకోవద్దు. కొట్టుకు ఇచ్చేముందు "ఫార్మాట్ చెయ్యకుండా, ముందు కాపీ తీసి ఇవ్వగలవా?" అని అడగండి. జవాబు ఎట్లా చెబుతాడో చూస్తే మనిషి పనితనం తెలిసిపోతుంది.

పదకొండు ఎక్కని పదులు

విండోస్ 10 లోకానికి వచ్చింది 2015 జూలై 29న. దానికి ఉచితంగా రక్షణ అప్‌డేట్లు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు ఉండాలనీ, ఇంటెల్ ప్రాసెసరయితే చాలావరకు ఎనిమిదో తరమో ఆపైదో అయి ఉండాలనీ షరతు పెట్టారు. ఆ తరం పుట్టిందే 2017లో. వల్లూరు ఇంటివారి 2014 లాప్‌టాపు ఆ గుమ్మం ఎక్కలేదు. పని చెయ్యలేక కాదు, అనుమతి లేక. రక్షణ కోసమే ఈ షరతని కంపెనీవారి వాదన. అందులో నిజం లేకపోలేదు గాని, ఉత్తరాలు రాసుకుని, లెక్కలు వేసుకుని, పాఠాలు వినడానికి చక్కగా పనికివచ్చే పెట్టెలు లక్షలాదిగా దానివల్ల అటకెక్కుతాయన్నదీ నిజమే. ఆ కంపెనీ పగ్గాలు 2014 ఫిబ్రవరి 4న అందుకున్న సత్య నాదెళ్ళ హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. తండ్రి యుగంధర్ గారిది మన పక్కనున్న అనంతపురం సీమ. పాత వస్తువును పారెయ్యడానికి మన సీమలో ఎంత ఆలోచిస్తారో ఆయనకు వేరే చెప్పాలా!

కొన్ని ఉపాయాలు చెప్పి షరతు తప్పించి 11ను బలవంతాన ఎక్కించేవారు ఉన్నారు. పెద్ద అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా మళ్ళీ ఇదే పాట్లు. ఇంటి కాగితాలున్న యంత్రానికి అది నేను సిఫారసు చెయ్యను. విండోస్ 10కే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, రక్షణ అప్‌డేట్లు పొందే ఏర్పాటును కంపెనీ ప్రకటించింది. ముప్పై డాలర్లు కట్టడం ఒక దారి; మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి యంత్రం అమరికలు వారి దగ్గర దాచుకుంటే డబ్బు లేకుండానే ఇవ్వడం ఇంకొక దారి.

ఇక లినక్స్. ఫైళ్ళు కాపాడిన ఆ పెన్‌డ్రైవే యంత్రంలో శాశ్వతంగా కాపురం పెట్టగలదు. 2024లో వచ్చిన లినక్స్ మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్న లాప్‌టాపులో హాయిగా నడుస్తుంది. కుర్రవాడి చదువుకు, నాయన లెక్కలకు చాలు. తెలుగులో కంప్యూటరు నడవాలని హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థవారు ఎంతో కాలంగా ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదే పాటుపడుతున్నారు. ఇటు వల్లూరుకు ఎంతో దూరం లేని ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పల్లెటూరి పిల్లల చేతికి లాప్‌టాపులిచ్చి చదువు చెప్పారు. అక్కడ చదివిన కుర్రవాడో అమ్మాయో మీ వీధిలో ఉంటే లినక్స్ ఎక్కించడానికి సాయం దూరం పోనక్కరలేదు. డీటీపీ కొట్టువాడికి మాత్రం ఈ దారి కుదరదు. పేజ్‌మేకరూ అనూ అక్కడ సరిగా నడవవు. అతడు విండోస్ 10నే ఉంచుకుని, ఇంటర్నెట్టు తీగ తీసేసి, పెన్‌డ్రైవులతో ఇచ్చిపుచ్చుకోవడం మేలు.

ఏ దారి పట్టినా ఒక్క ఖర్చు మాత్రం పెట్టదగినది: తిరిగే డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించడం. కొత్త లాప్‌టాపు వెలలో అది చిన్న భాగం. యంత్రం లేవడానికి పట్టే నిమిషాలు సెకన్లవుతాయి. తీసిన పాత డిస్కును కొట్టువాడికి వదిలిపెట్టి రావద్దు, పాత సామాన్లవాడికి అసలే వెయ్యవద్దు. దానికి సరిపోయే రెండున్నర అంగుళాల డబ్బా, యూఎస్‌బీ తీగతో సహా, అదే కొట్లో దొరుకుతుంది. అందులో బిగించి బీరువాలో పెట్టుకుంటే పెళ్ళి ఫోటోలకూ, జేజి పాటలకూ రెండో ప్రతి అదే అవుతుంది. డబ్బా మీద తేదీ రాసి కాగితం అంటించండి. ఆరునెలలకు ఒకసారి తగిలించి తెరుచుకుంటున్నదో లేదో చూసుకోండి.